ముప్ఫై అయిదో మెట్టు

దయ కంటికి కనిపిస్తుందా?

ప్రశ్న వేదాంతంలా ఉంది గాని, జవాబు మాత్రం లెక్కల పుస్తకంలో ఉంది. కనిపిస్తుంది. గ్రాఫు కాగితం మీద దిమ్మలు కట్టి చూస్తే, ఇదిగో, ఇక్కడ ఇంత ఎత్తున ఉంది అని వేలుపెట్టి చూపించవచ్చు. దాని పక్కనే ఒక చిన్న గొయ్యి కూడా ఉంటుంది. అక్కణ్ణించి తీసిన మట్టితోనే ఈ దిమ్మ లేచింది. కొంతకాలంగా నన్ను వేధిస్తున్నది ఆ గొయ్యే.

లెక్కలనగానే పేజీ తిప్పెయ్యకండి. నేనూ బి.ఏ. దాన్నే. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతి చదివి, పెళ్ళయ్యాక కథలూ నవలలూ రాసుకుంటున్నదాన్ని. పాలవాడి పద్దు దాటి నాకూ లెక్కలకీ పెద్దగా రాకపోకలు లేవు. కాకపోతే నవలలు రాసేవాళ్ళకి ఒక జబ్బుంటుంది. పదిమంది కనిపిస్తే చాలు, పదిమందినీ విడదీసి, ఎవరి కథ వాళ్ళ దగ్గర కూపీ లాగితేనే గాని నిద్రపట్టదు. లెక్కలవాళ్ళది సరిగ్గా దీనికి ఎదురు జబ్బు. పదివేల మంది దొరికితే ఒక్కళ్ళ పేరయినా అడక్కుండా అందరినీ కలిపి ఒక్క బొమ్మ గీస్తారు. ఆ బొమ్మలో మనిషి ఉండడని నా నమ్మకంగా ఉండేది. ఉన్నాడని మా చెల్లెలి కూతురి పుణ్యమా అని తెలిసింది.

మా చెల్లెలి సంసారం అమెరికాలో. దాని కూతురు అక్కడ ఆరో తరగతి చదువుతోంది. 2010 నుంచి ఆ దేశంలో చాలా రాష్ట్రాలు ఒప్పుకున్న ఉమ్మడి పాఠ్యప్రణాళిక ఒకటుంది. దాని ప్రకారం ఆరో తరగతిలోనే పిల్లలకి హిస్టోగ్రామూ, బాక్స్ ప్లాటూ నేర్పుతారు. మొదటిది మన తెలుగు మీడియం పిల్లలకీ తెలుసు. మన పుస్తకాల్లో దాని పేరు సోపాన చిత్రం. ఎవరు పెట్టారో గాని ఎంత చక్కని పేరు! సోపానం అంటే మెట్టు గదా. కార్ల్ పియర్సన్ అనే ఇంగ్లీషాయన 1890ల్లో హిస్టోగ్రామ్ అని పేరు పెడితే, మనవాళ్ళు దాన్ని మెట్లబొమ్మ చేశారు. రెండోది, ఆ బాక్స్ ప్లాటు, మా రోజుల్లో మా పుస్తకాల్లో లేదు. ఫోనులో మా అమ్మాయి గీసి చూపించేదాకా నేను దాని మొహం ఎరగను.

"పెద్దమ్మా, దీనికి మీసాలుంటాయి తెలుసా?" అంది.

నిజంగానే ఉంటాయి. ఒక పెట్టె, దానికి ఇటొక మీసం, అటొక మీసం. పెట్టె మధ్యలో ఒక గీత. 1970ల్లో దీనికీ రూపం ఇచ్చి, 1977లో తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన జాన్ టూకీ అనే అమెరికా ఆయన ఈ గీతల్ని మీసాలనే అన్నాడు. అయితే పిల్లి మీసాలు సుమండీ, మన తాతగార్ల మీసాలు కాదు. అన్నట్టు, దానికి ముందే, 1952లో, మేరీ ఎలినార్ స్పియర్ అనే ఆవిడ తన పుస్తకంలో ఇంచుమించు ఇలాంటి పట్టీనే గీసి చూపించింది. పేరు మాత్రం ఎక్కువగా టూకీగారికే దక్కింది. వంట ఒకరిదీ వడ్డన ఒకరిదీ అయితే మెప్పు ఎవరికి దక్కుతుందో ఆడవాళ్ళకి నేను చెప్పాలా!

ముందు మెట్లబొమ్మ సంగతి చూద్దాం. మామూలు దిమ్మల బొమ్మలో దిమ్మకీ దిమ్మకీ మధ్య సందు ఉంటుంది, మామిడిపండ్లు ఇన్ని, అరటిపండ్లు ఇన్ని అన్నట్టు. వాటిని ముందూ వెనకా మార్చినా పోయేదేం లేదు. సోపాన చిత్రంలో సందు ఉండదు. అగ్రహారంలో ఇళ్ళలాగా గోడకి గోడ అంటుకుని ఉంటాయి. 10 నుంచి 20 దాకా ఒక ఇల్లు, 20 నుంచి 30 దాకా పక్క ఇల్లు. సరిగ్గా 20 వచ్చినవాడు ఎక్కడుండాలి? పై ఇంట్లో ఉండాలి. ఇది బడి పుస్తకంలో ఉన్న నియమం. ఏ ఇంటికి జనం ఎక్కువయితే ఆ ఇల్లు అంత ఎత్తు.

ఇంతవరకూ సులువే. చిక్కల్లా ఇంటి వెడల్పు దగ్గర వస్తుంది. వెడల్పు ఎంత పెట్టాలో దేవుడు చెప్పడు, గీసేవాడి ఇష్టం. ఆ ఇష్టాన్ని బట్టి బొమ్మ నిజం చెబుతుంది, లేదా గుట్టు దాస్తుంది.

మా నాయనమ్మని నీ వయసెంత అంటే "అరవై ఉంటాయేమోనర్రా" అనేది. నాలుగేళ్ళు పోయాక అడిగినా అరవయ్యే. ఆవిడ పుట్టిన ఏడు రాసిపెట్టినవాళ్ళు లేరు. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. మన జనాభా లెక్కల్లో ఏడాదికొక దిమ్మ చొప్పున కట్టి చూస్తే 30, 35, 40, 45, 50, 60 దగ్గర గోపురాలు లేస్తాయి. వాటి పక్కన 31, 41, 51 దగ్గర గుంటలు పడతాయి. ఆ సంవత్సరాల్లో పిల్లలు తక్కువ పుట్టారని కాదు. వయసు తెలియనివాళ్ళు గుండ్రంగా ఒక అంకె చెప్పారు, ఇంటింటికీ తిరిగే ఎన్యూమరేటరు రాసుకున్నాడు. దేశంలో ఎందరు తల్లులకి తమ బిడ్డ పుట్టిన తేదీ రాసుకునే వీలు లేకపోయిందో ఆ గోపురాలు చెబుతాయి. అదే పదేళ్ళకొక దిమ్మ కట్టారనుకోండి, గోపురాలు మాయం. నున్నటి కొండ. మా నాయనమ్మా లేదు, ఆవిడ అరవయ్యీ లేదు.

ఇక మీసాలపెట్టె. దీనికి ఇంకా తక్కువ మాటలు చాలు, అయిదే అయిదు అంకెలు. అందరినీ చిన్న నుంచి పెద్దకి వరసగా నిలబెట్టండి. మొదటివాడు, చివరివాడు, సరిగ్గా మధ్యవాడు. మధ్యవాడికి ఇవతల సగంలో మళ్ళీ మధ్యవాడు, అవతల సగంలో మళ్ళీ మధ్యవాడు. ఈ అయిదుగురి అంకెలు తీసుకుని మిగిలినవాళ్ళని ఇంటికి పంపెయ్యవచ్చు. పెట్టెలో సుమారు సగంమంది, ఒక్కో మీసంలో సుమారు పావుమంది. పిల్లలు ఇక్కడొక చోట తప్పకుండా బోల్తా పడతారట. పొడుగు మీసం చూసి అక్కడ జనం ఎక్కువున్నారనుకుంటారు. లేదు, అక్కడా అదే పావుమంది. కాకపోతే దూరదూరంగా ఉన్నారు. పొట్టి మీసంలో వాళ్ళు ఒకరినొకరు ఒరుసుకుని ఉన్నారు. ఒక గదిలో ఎనిమిదిమంది పడుకునే ఇల్లూ, ఎనిమిది గదుల్లో ఎనిమిదిమంది పడుకునే ఇల్లూ చూసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు.

మా అమ్మాయి హోంవర్కు చూస్తూ చూస్తూ నేనొక లెక్క వేసుకున్నాను. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి, లేకపోతే మనసులోనే చూడండి. ఒక బడిలో పదకొండుమంది పిల్లలు. సోషల్ పరీక్షలో మార్కులు ఇలా వచ్చాయి: 10, 20, 30, 33, 34, 45, 50, 55, 60, 75, 90. పాసు మార్కు మనకి అలవాటయిన 35. అంటే అయిదుగురు తప్పారు. పెట్టె గీస్తే మొదట 10, చివర 90, మధ్య గీత 45, పెట్టె గోడలు 30 దగ్గరా 60 దగ్గరా వస్తాయి.

ఇప్పుడు దిద్దినావిడ 33 వచ్చినవాడికి రెండూ, 34 వచ్చినదానికి ఒకటీ కలిపి ఇద్దరినీ 35 చేసిందనుకోండి. మళ్ళీ పెట్టె గీయండి. 10, 30, 45, 60, 90. వెంట్రుకవాసి కదల్లేదు! తప్పినవాళ్ళు అయిదుగురు కాస్తా ముగ్గురయ్యారు, ఇద్దరు పిల్లల ఏడాది మారిపోయింది, పెట్టెకి మాత్రం చీమకుట్టినట్టయినా లేదు. సగటు తీసి చూశాను. అది మార్కులో పావు వంతుకి కాస్త పైన కదిలింది, అంతే.

సరే, మెట్లబొమ్మ గీద్దామని పది మార్కులకొక ఇల్లు కట్టాను. 30 నుంచి 40 దాకా ఉన్న ఇంట్లో మొదట ముగ్గురు, తరువాతా ముగ్గురే. 33, 34, 35 అందరూ ఒక కప్పు కిందే ఉన్నారు గదా. ఇదీ నోరు విప్పలేదు. అప్పుడు అయిదు మార్కులకొక ఇల్లు కట్టాను. మొదటి బొమ్మలో 30 - 35 ఇంట్లో ముగ్గురున్నారు, 35 - 40 ఇల్లు ఖాళీ. రెండో బొమ్మలో ముగ్గురిలో ఒక్కడే మిగిలాడు. నిన్నటిదాకా ఖాళీగా ఉన్న పై ఇంట్లో ఇద్దరు చేరారు.

గొయ్యీ, దాని పక్కన దిమ్మా. పదకొండుమందితో అయితే దీన్ని చూసి ఏమీ అనలేం, అదాటుగా కూడా రావచ్చు. లక్షమంది మార్కుల్లో 33, 34 దగ్గర నేల పగిలినట్టుండి, 35 దగ్గర స్తంభం లేస్తే మాత్రం అది అదాటు కాదు. అది ఎవరో ఎర్రసిరాతో చేసిన పని.

ఆ ఎవరో నాకు బాగా తెలుసు. మా అమ్మ.

మా అమ్మ హైస్కూల్లో సోషల్ చెప్పేది. నేను చిన్నప్పుడు ఏడో తరగతికి జిల్లా అంతటికీ ఉమ్మడి పరీక్ష ఉండేది. ఎండాకాలంలో పేపర్లు దిద్దడానికి ఆవిడ పొరుగూరు వెళ్ళి, పొద్దుగూకాక బస్సు దిగి వచ్చేది. చీర కొంగుకి ఎర్రసిరా మరకలుండేవి. అన్నాలు తినేటప్పుడు ఆ రోజు తగిలిన పేపర్ల కబుర్లు చెప్పేది. పేర్లుండవు, నంబర్లే. "ఇవాళ ఒకడికి ముప్ఫై మూడు దగ్గర ఆగిపోయిందండీ. మూడుసార్లు చూశాను. నదుల ప్రశ్నలో గోదావరి నాసిక్ దగ్గర పుట్టిందని రాశాడు గాని త్రయంబకం పేరు రాయలేదు. నాసిక్ దాకా వచ్చినవాడు త్రయంబకం రాలేడా? అరమార్కు వేశాను. పటంలో కృష్ణ గీత కాస్త కిందికి దిగింది. ఎండాకాలం కదా, నీళ్ళు తగ్గాయనుకున్నాను. మరో అర వేశాను." ఇలా వెతికి వెతికి రెండు మార్కులూ పట్టుకునేది. ఉత్తినే వేసేది కాదు. ప్రతి అరమార్కుకీ ఆవిడ దగ్గర ఒక కారణం ఉండేది. కాకపోతే ఆ కారణాల కోసం వెతుకులాట 33 దగ్గరే మొదలయ్యేది. 53 వచ్చినవాడి పటంలో కృష్ణ గీత కిందికి దిగితే దిగినట్టే.

మా నాన్నగారు ట్రెజరీ ఆఫీసులో గుమాస్తా. పైసా తేడా వస్తే రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని పట్టుకునే మనిషి. ఆయన మజ్జిగలో ఉప్పు కలుపుకుంటూ, "మరి ముప్ఫై రెండు వాడి సంగతి?" అనేవారు.

"ముప్ఫై రెండుకి మూడు కావాలి. మూడు దొరకవండీ."

"వెతికావా?"

మా అమ్మ జవాబు చెప్పేది కాదు. నెయ్యిగిన్నె ఆయన వైపు జరిపేది.

ఆ "వెతికావా" అన్న ప్రశ్న ముప్ఫై ఏళ్ళుగా నాతోనే ఉంది. దానికి న్యూయార్కులో ఇంత పెద్ద ఎత్తున జవాబు వెతికారని తెలిసినప్పుడు నా ఆశ్చర్యం ఊహించండి. న్యూయార్కు రాష్ట్రంలో హైస్కూలు పిల్లలకి రీజెంట్స్ పరీక్షలని ఉంటాయి. గట్టెక్కడానికి 65 రావాలి. చాలా ఏళ్ళు ఏ బడి పిల్లల పేపర్లు ఆ బడి పంతుళ్ళే దిద్దేవారు. పైగా లెక్కల్లో, సైన్సులో 60 నుంచి 64 మధ్య వచ్చిన పేపరుని మళ్ళీ ఒకసారి చూడాలని నియమం కూడా ఉండేది. నియమం పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే, అంచుమీదున్నవాడికి అన్యాయం జరక్కూడదని. ఆ మార్కులన్నీ కూర్చి, మార్కుకొక దిమ్మ చొప్పున కడితే 65 దగ్గర ఆకాశస్తంభం, దాని కింద అగాధం. న్యూయార్కు నిండా మా అమ్మలే!

దీన్ని తరచి చూసిన నలుగురు ఆర్థికశాస్త్రవేత్తల వ్యాసం 2019లో అచ్చయింది. పంతుళ్ళు చేసింది తప్పా ఒప్పా అన్న తీర్పు కంటే ముందు వాళ్ళు ఒక మంచి ప్రశ్న వేశారు. అలా గట్టెక్కిన పిల్లలు తరువాత ఏమయ్యారు? 2011లో ఆ రాష్ట్రం తిరిగి దిద్దే నియమాన్ని ఎత్తేసింది. తరువాత న్యూయార్కు నగరంలో సొంత బడి పేపర్లు దిద్దుకునే పద్ధతీ పోయింది. దాంతో స్తంభం కూలింది, అగాధం పూడింది. ముందు పిల్లలనీ తరువాతి పిల్లలనీ పోల్చి చూసే వీలు దొరికింది. తేలిందేమిటంటే, మార్కు కలిపి గట్టెక్కించినందువల్ల ఒక పిల్లవాడు హైస్కూలు పూర్తిచేసే అవకాశం నూటికి సుమారు 17 పాళ్ళు పెరిగింది. తక్కువ మాటా అది? హైస్కూలు పట్టా లేని కుర్రవాడికి ఆ దేశంలో ఏ ఉద్యోగాలు మిగులుతాయో మా చెల్లెలు చెబుతూ ఉంటుంది.

ఇక్కడితో ఆగిపోతే మా అమ్మకి దండ వేసి ఈ వ్యాసం ముగించేదాన్ని. కాని రెండో సంగతి కూడా ఉంది. అదే రెండు మార్కుల వల్ల పిల్లలు పై స్థాయి పాఠాలు తీసుకోవడం నూటికి సుమారు 10 పాళ్ళు తగ్గింది. ఎందుకంటే కొందరు పిల్లలు బడి మానేసే అంచున ఉన్నారు. వాళ్ళకి ఆ రెండు మార్కులు ఊతకర్ర. మరికొందరు నిజానికి చదవగలవాళ్ళు. ఒకసారి తప్పి, తిట్లు తిని, మళ్ళీ కూర్చుని చదివితే పునాది గట్టిపడేది. వాళ్ళని ఎత్తుకుని మెట్టు దాటించేసరికి కాళ్ళకి బలం రాలేదు. అదే మెట్టు, అదే చెయ్యి. ఒకడికి మేలు, ఒకడికి కీడు. దిద్దేవాళ్ళకి తెలిసేదెలా? పేపరు మీద ఇద్దరివీ 63లే.

దయలో ఇంత చిక్కుందని మన పెద్దలు చెప్పలేదని కాదు. అపాత్రదానం అన్నారు. కాని పాత్రుడెవరో దాత చూసి తెలుసుకోవచ్చుననే ధీమాతో అన్నారు. ఇక్కడ చూడ్డానికి మొహం లేదు, నంబరుంది. మొహం తెలిస్తే ఇంకా ప్రమాదమనుకోండి. మన వీధి పిల్లాడనీ, మనవాళ్ళ పిల్లాడనీ మూడు మార్కులకి కూడా కారణాలు దొరకడం మొదలవుతుంది. మా అమ్మ దయకి కళ్ళగంత ఉంది కాబట్టే అది శుభ్రంగా ఉంది. కళ్ళగంత ఉంది కాబట్టే ఎవరికి ఊతకర్ర ఇస్తోందో, ఎవరి కాళ్ళు కట్టేస్తోందో ఆవిడకి తెలియదు.

పోనీ దయని కూడా నియమం చేసేస్తే? చాలాచోట్ల చేశారు. గ్రేసు మార్కులు అంటారు. ఇంతలోపు తగ్గినవాళ్ళందరికీ కలపాలని కాగితం మీద రాస్తారు. మా నాన్నగారికి నచ్చే పద్ధతి. అందరికీ ఒకటే. కాని కాస్త ఆలోచించండి, రెండు మార్కులు అందరికీ కలిపితే 33 వాడు పాసు. అంటే గోడ 35 దగ్గర లేదు, 33 దగ్గరుంది. ఇప్పుడు 32 వాడు గోడ కింద నిలబడి పైకి చూస్తున్నాడు. గోడని రెండడుగులు వెనక్కి జరిపి దానికి కరుణ అని పేరు పెట్టాం. గోడంటూ ఉన్నన్నాళ్ళూ దాని నీడలో ఒకడు ఉంటాడు.

గోడ అక్కర్లేదనే ధైర్యం నాకు లేదు. రేపు నాకు ఆపరేషను చేసే డాక్టరు ఎక్కడో ఒక గోడ దాటి వచ్చి ఉండాలని నేనూ కోరుకుంటాను. కాని 34కీ 35కీ మధ్య ఉన్న తేడా 35కీ 36కీ మధ్య ఉన్న తేడా ఎంతో అంతే గదా! తెలివి అక్కడ తెగి రెండు ముక్కలు కాలేదు. పిల్లలందరూ ఒక వాలు మీద నిలబడి ఉంటే మనం ఒకచోట కత్తి పెట్టి కోసి, ఇటువైపు పాసు, అటువైపు ఫెయిలు అన్నాం. మా తరంలో పదో తరగతి హిందీకి ఆ కత్తి 20 దగ్గరే ఉండేది. 20 వచ్చినవాడు హిందీలో పాసు, 34 వచ్చినవాడు సోషల్లో ఫెయిలు! కత్తి పెట్టినవాళ్ళు గదుల్లో కూర్చుంటారు. ఎదురుగా పిల్లవాడి చేతిరాత పెట్టుకుని ఆ కత్తి ఆడించాల్సిన పని మా అమ్మలాంటివాళ్ళ మీద పడుతుంది. సన్నని పెన్సిలుతో, కొట్టివేతలతో, ఒకచోట చెమట చుక్క పడి అలుక్కుపోయిన అక్షరంతో ఉంటుంది ఆ పేపరు. చెయ్యి వణకడాన్ని నేను తప్పుపట్టలేను. ఆ వణుకే ఆ స్తంభం. అది లేని దేశంలో పేపర్లు దిద్దేది మనుషులు కారని నాకు అనుమానమొస్తుంది. ఇప్పుడు యంత్రాలూ దిద్దుతున్నాయి. సున్నాలు నింపే పరీక్షల్లో 34 వస్తే 34.

కాని 32 వాడు? ఒక్కోసారి నాకు వాడి మీదే దిగులు. ఇంకో దిగులు కూడా ఉంది. 34 వచ్చి, పేపరు మా అమ్మ కట్టలో కాక పక్క టేబులావిడ కట్టలో పడ్డ పిల్ల. ఆవిడ చెడ్డది కాదు, లెక్క ప్రకారం నడిచే మనిషి. ఈ పిల్ల ఏం పాపం చేసింది? మా అమ్మ ఒకరికిచ్చిన రెండు మార్కులు ఇంకొకరి దగ్గర లాక్కున్నవి కావు. అయినా, వాళ్ళందరూ పాసయి ఈ ఒక్కతే ఫెయిలయినప్పుడు లాక్కున్నట్టే అవుతుంది. సోపాన చిత్రంలో గొయ్యి పూర్తిగా ఖాళీగా ఉండదు. అడుగున సన్నగా ఒక దిమ్మ మిగిలి ఉంటుంది. చుట్టూ అందరూ వెళ్ళిపోయాక అక్కడ మిగిలినవాళ్ళు వాళ్ళే. నేనే గనక ఆ బొమ్మ మీద నవల రాయాల్సివస్తే స్తంభం మీద రాయను, ఆ సన్నటి దిమ్మలో ఉన్న ఒక పిల్ల మీద రాస్తాను.

అన్నట్టు, ఈ శాస్త్రంలో ప్రపంచం మెచ్చిన పెద్ద మన తెలుగాయనే. సి.ఆర్. రావుగారు. 1920లో పుట్టి, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా వెళ్ళి స్టాటిస్టిక్సులో స్థిరపడ్డారు. 2023లో, నూట రెండేళ్ళ నిండు వయసులో పోయారు. యువకుడిగా కేంబ్రిడ్జిలో ఆయన చేసిన పని సూడాన్‌లో తవ్వి తీసిన పాతకాలపు మనుషుల ఎముకలు కొలిచి, ఆ జనం ఎవరికి దగ్గరివాళ్ళో తేల్చడం. అది చదివినప్పుడు హాయిగా అనిపించింది. ఎముకలకి పాసు మార్కు లేదు. ఎంత ఉంటే అంతే రాసుకోవచ్చు, చెయ్యి వణకదు.

మా అమ్మ రిటైరయి చాలాకాలమైంది. నాన్నగారు ఇప్పుడు లేరు. మొన్న న్యూయార్కు బొమ్మలు రెండూ ఆవిడకి చూపించాను, 2011కి ముందుదీ, తరువాతదీ. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మొదటి బొమ్మలో స్తంభాన్ని చూసింది. ఏమీ అనలేదు. ఏ పని ఎవరిదో గుర్తుపట్టినట్టే ఉంది. రెండో బొమ్మ చాలాసేపు చూసింది. నున్నగా ఉన్న వాలు మీద 65కి ఇవతల వేలు పెట్టి, "వీళ్ళు ఇంతమంది మిగిలిపోయారా?" అంది.

"మిగిలిపోయారమ్మా. నియమం అందరికీ ఒకటే అయింది."

"పాపం, మళ్ళీ పరీక్ష ఎప్పుడు పెడతారట?"

జనవరిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి పెడతారని చెప్పాను.

"జూన్‌లో పోతే ఆగస్టు. రెండు నెలలేగా!" అని కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. తరువాత మొదటి బొమ్మని దగ్గరికి లాక్కుని, స్తంభం పక్కన గొయ్యిలో మిగిలిన సన్నటి దిమ్మ మీద గోరుతో రాస్తూ, "ఇక్కడెంతమంది ఉంటారు?" అని అడిగింది.